మా అమ్మ చేతిలో పెట్టిన గరిటె

మా అమ్మ గరిటె పట్టుకున్న ఫొటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. ఎలా ఉంటుంది? ఆవిడ గరిటె పట్టుకుందంటే మాకు గుండెల్లో రాయి పడేది. అలాంటిది ఆ రోజు పొద్దున నేను వీధి మలుపు తిరిగేసరికి, మా అన్నయ్య తాళాల కొట్టు ముందు బోర్డులు రాసే పెయింటరు నిచ్చెనెక్కి నిలబడి, మా అమ్మ చేతికి గరిటె తగిలిస్తున్నాడు. పక్కన అరచేయంత ఎర్రక్షరాల్లో "అమ్మ చేతి తీపి సూపు" అని అప్పటికే రాసేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పెయింటరు తప్పేం లేదు. అతనికి అన్నయ్య ఇచ్చిన ఫొటో ఏదో నాకు తెలుసు. అమ్మ ఆస్పత్రి వార్డులో నర్సు టోపీ పెట్టుకుని, ఇంజెక్షన్ల ట్రే పట్టుకుని నవ్వుతున్న ఫొటో. టోపీ తీసేసి కొప్పు పెట్టమన్నారట. ట్రే తీసేసి గరిటె పెట్టమన్నారట.

"మొహం మాత్రం మార్చొద్దన్నారమ్మా" అన్నాడు పెయింటరు, అదేదో ఆవిడకి చేస్తున్న పెద్ద మర్యాద అయినట్టు.

ఆ సూపు మా అమ్మది కాదు. మా వదినది. మొదటి గింజ నానబెట్టిన దగ్గర్నుంచి చివరి చుక్క వరకు వదినది. ఈ మాట ఇంట్లో చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది కాబట్టి ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

మా వదినకి నోట్లో నాలుక లేదని వీధిలో అందరూ అంటారు. ఉంది. వాడదు, అంతే. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆవిడ లాండ్రీలో ఇస్త్రీ పని చేసింది. హోటళ్ళ దుప్పట్లు, ఆస్పత్రి పరదాలు, డాక్టర్ల కోట్లు. ఆ ఇస్త్రీ గదికి కిటికీలు ఉన్నా తెరవనివ్వరు, బయటి దుమ్ము తెల్లబట్టల మీద పడుతుందని. లోపల ఆవిరికి చెమటలు కారుతుంటాయి. పని ముగించుకుని ఆ తడి ఒంటితోనే వీధిలోకి వస్తే చలి ఎముకలు కొరుకుతుంది. చలికాలం వచ్చిందంటే ఆ గదిలో ఆడవాళ్ళందరికీ ఒకటే దగ్గు. లాండ్రీ యజమాని వాళ్ళ దగ్గుకి విసుక్కునేవాడు గాని, కిటికీకి ఒక గడియ తీద్దామని ఏనాడూ అనుకోలేదు.

ఇక అమ్మ సంగతి. ఆవిడ డ్యూటీ దిగి వచ్చేసరికి కాళ్ళు వాచిపోయి ఉండేవి. మాకు జలుబు చేస్తే ఆవిడకి తెలిసిన వంట ఒకటే. గిన్నెలో అలసందలు, ఒక అల్లం ముక్క, చక్కెర, నీళ్ళు, అన్నీ ఒకేసారి గుమ్మరించి పొయ్యి మీద పెట్టి, యూనిఫాం ఉతుక్కోవడానికి వెళ్ళిపోయేది. తీపి ముందే పడితే గింజ బిగుసుకుపోతుంది, ఆ తర్వాత ఎంత ఉడికించినా మెత్తబడనని మొండికేస్తుంది. ఆవిడకి ఆ సంగతి తెలియదు, తెలుసుకుందామనీ లేదు. మాడు వాసన వస్తే ఉడికిందని లెక్క. పైన నీళ్ళు, అడుగున గులకరాళ్ళు. "రుచి చూడకండి, మింగండి. మందనుకోండి" అనేది. అన్నయ్య ఒకసారి తన గ్లాసు వంటింటి తొట్టిలో పారబోస్తే, గింజలు గొట్టంలో అడ్డంపడి నీళ్ళు పోక దొరికిపోయాడు.

దీనికి అమ్మ ఎప్పుడూ సిగ్గుపడలేదు. తన వంట మీద తనే జోకులేసేది. ఆవిడకి వచ్చిన పనులు వేరే ఉన్నాయి. ఆవిడ సూది వేస్తే పసిపిల్లలు ఏడవడం మరిచిపోయి ఆవిడ మొహంలోకి చూస్తుండేవాళ్ళు. కాలిన ఒంటికి అంటుకుపోయిన కట్టు విప్పడానికి పెద్ద డాక్టర్లు కూడా ఆవిడ డ్యూటీకి వచ్చేదాకా ఆగేవారు.

వదిన కాపురానికి వచ్చిన మొదటి చలికాలం ఆవిడకీ ఒక గ్లాసు అందింది. ఒక గింజని నోట్లో అటూ ఇటూ తిప్పింది. మర్యాదగా మింగింది. తర్వాత మెల్లగా, "అత్తయ్యా, రేపు నేను చేసి చూడనా?" అంది.

"ఈ మాట నిన్ననే అనకపోయావా తల్లీ!" అని అమ్మ వంటింట్లోంచి బయటికి నడిచింది, మళ్ళీ అటు చూస్తే ఒట్టు.

వదినకి సూపు ఒక్క పూటలో రాలేదు. ఒక చలికాలమంతా అల్లం ఎక్కువై మా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకో చలికాలం చిలగడదుంప ఎక్కువై గరిటె నిలువుగా నిలబడింది. ఆవిడ దాన్ని డబ్బాలో పోసుకుని ఇస్త్రీ గదికి తీసుకెళ్ళేది. అక్కడి ఆడవాళ్ళు తాగి మొహమాటం లేకుండా తిట్టేవాళ్ళు. ఒకావిడ మిరియాలు వెయ్యమంది. ఇంకొకావిడ చక్కెర గొంతులో గీరుతోందంటే బెల్లానికి మారింది. ఎవరి దగ్గు ఎప్పుడు తగ్గిందో గమనించుకుంటూ, ఆ ఆవిరిలో దుప్పటి మడతపెడుతూ ఆలోచించుకుంటూ చేసుకున్న సూపు అది.

ఇప్పుడు ఎలా చేస్తుందంటే, రాత్రి నానబెట్టిన అలసందల్ని పొద్దున నీళ్ళు మార్చి సన్నని మంట మీద పెడుతుంది. వేళ్ళ మధ్య నొక్కితే వెన్నలా నలిగేదాకా తీపి వస్తువేదీ ఆ గిన్నె దరిదాపులకు రానివ్వదు. అల్లం తొక్కతోనే దంచి, నూనె లేకుండా మూకుడులో వేయించి, ఆ పచ్చి ఘాటు పోయాక వేస్తుంది. చిలగడదుంప సగం మెదిపి చిక్కదనానికి, సగం ముక్కలుగా పంటికి తగలడానికి. గింజ తీసిన ఎండు ఖర్జూరాలు, వేయించి నూరిన నువ్వులు, నాలుగు మిరియాలు. బెల్లం విడిగా కరిగించి, వడగట్టి, అన్నిటికన్నా చివర. చిటికెడు ఉప్పు. ఆ వేడి గొంతులోంచి దిగుతుంటే ఎక్కడెక్కడ దిగుతోందో తెలుస్తుంటుంది, కాసేపటికి చెవులు కూడా వెచ్చబడతాయి.

అమ్మ ఉన్నంతకాలం దాని పేరు "మా కోడలి సూపు". ఫ్లాస్కులో పోసుకుని వార్డుకి తీసుకెళ్ళి, తోటి నర్సులకి "మా కోడలి సూపు, కొంచెమే ఉంది, తన్నుకోకండి" అని పంచేది. ఇది నా చెవులతో విన్నాను.

అమ్మ పోయాక వచ్చిన మొదటి చలికాలంలోనే మొదలైంది ఈ దగా. నాన్న గిన్నె చేతిలో పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ, "అచ్చం మీ అత్తయ్య చేతి రుచేనమ్మా" అన్నాడు. పాపం, దుఃఖంలో ఉన్న మనిషి.  వదిన జాలిపడి ఊరుకోవడమే వీళ్ళకి అలుసైపోయింది.

మా నాన్న పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు ఆపరేటరు. ఉద్యోగమంతా జనాన్ని పైకీ కిందకీ తిప్పిన మనిషి, కథలు మాత్రం పైకే తీసుకెళ్తాడు. మరుసటేడు "మీ అత్తయ్య నేర్పింది" అయింది. ఆ పై ఏడు ఆ సూపు మా అమ్మకి వాళ్ళమ్మ నేర్పిందయింది, తర్వాత ఆవిడకి వాళ్ళ నానమ్మ. వచ్చినవాళ్ళందరికీ చెప్పడమే. పక్కింటి టీచరమ్మ తాగి, "ఎంతైనా పెద్దవాళ్ళ చేతి వాటం కదండీ" అని తల ఊపేది. వదిన అక్కడే నిలబడి ఆవిడ గిన్నె మళ్ళీ నింపుతుండేది!

అన్నయ్య ఇంకా ఘనుడు. రోజంతా డూప్లికేట్ తాళంచెవులు కోసీ కోసీ, అసలుదేదో నకలేదో అతనికి తేడా తెలియకుండా పోయింది. తాళంచెవికి వచ్చినవాళ్ళతో "మా అమ్మ చేసే సూపు ఉండేదండీ..." అని మొదలుపెట్టేవాడు.

"ఒరేయ్ అన్నయ్యా, తొట్టిలో పారబోసింది మర్చిపోయావా?" అని నేను అడిగితే, "పోయినవాళ్ళ గురించి అలాంటి మాటలేంటే?" అని కళ్ళెర్రజేసేవాడు. నేను కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తాను. ఊరందరికీ చూపు సరిచేస్తాను, మా ఇంట్లో వాళ్ళకి మాత్రం ఏ నంబరూ సరిపోదు.

ఇలా ఉండగా లాండ్రీలో పెద్ద ఇస్త్రీ యంత్రాలు వచ్చాయి. గదిలో ఆడవాళ్ళందర్నీ పంపించేశారు. మనుషులున్నన్నాళ్ళూ తెరవని కిటికీలు యంత్రాలకి వేడెక్కుతోందని తెరిచారట. ఈ సంగతి వదిన నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

కొన్నాళ్ళు ఇంట్లో ఉండి, ఒక రోజు వదిన తనే నోరు తెరిచి అడిగింది. అన్నయ్య కొట్టులో ముందు భాగం సగం ఖాళీగానే ఉంటుంది కదా, చలికాలమంతా అక్కడ సూపు అమ్ముతానని. అన్నయ్య ఒప్పుకున్నాడు. అప్పుడు చూడాలి వదినని! అడుగు మందంగా ఉన్న గిన్నె కోసం బజారంతా తిరిగింది. గోడకి సున్నం తనే వేసింది. తాగేవాళ్ళ చేతులు వెచ్చబడాలని పిడి లేని గిన్నెలు ఏరుకొచ్చింది. ఇన్నేళ్ళలో ఆవిడ తనకోసం ఒక వస్తువు ఎంచుకోవడం నేను అప్పుడే చూశాను.

ఆవిడ కోరిందల్లా ఒక్కటే. బోర్డు మీద తన పేరుండాలి. అది కూడా అన్నయ్యతో, అన్నం వడ్డిస్తూ, చిన్న గొంతుతో అంది.

"నీ పేరు ఎవరికి తెలుసే?" అన్నాడు అన్నయ్య. తిట్టాలని కాదు, ఆ మాటలో ఏముందో తెలియక. అందుకే నాకు ఇంకా మంట. తెలిసి అన్నవాడితో పోట్లాడొచ్చు, ఇతనితో ఏం పోట్లాడతాం?

అలా వచ్చింది ఆ బోర్డు. ఆ పొద్దున నేను కొట్టులోకి దూసుకెళ్ళేసరికి వదిన గిన్నెలు తుడుస్తోంది. నాన్న కొట్టు ముందు కుర్చీలో కూర్చుని, బోర్డు వంక చూసుకుంటూ మురిసిపోతున్నాడు.

"వదినా, దీనికి కూడా ఊరుకుంటావా? నిచ్చెన లాగేస్తాను, చెప్పు!"

"పాపం, పెయింటరు పడిపోతాడు" అంది వదిన. ఒక గిన్నె బోర్లించింది. ఇంకోటి తీసుకుంది. "రేపు పొద్దున్నే రా అమ్మాయ్. సాయానికి."

మర్నాడు తెల్లవారగానే వెళ్ళాను. చలికి వీధి కుళాయి కూడా చుక్క విదల్చడం లేదు. వదిన కొత్త గిన్నె పొయ్యి మీద పెట్టింది. నీళ్ళు పోసింది. నానబెట్టని అలసందలు, ఎండువి, గలగలమంటూ పోసింది. అల్లం ఒక్క పెద్ద ముక్క, దంచకుండా. ఆ వెంటనే చక్కెర డబ్బా ఎత్తి బోర్లించింది.

"వదినా! తీపి ముందే వేస్తున్నావేంటి?" అని అరిచాను.

"బోర్డు మీద ఏం రాసుందో అదే కదా అమ్మాయ్ ఇవ్వాలి" అంది వదిన. మంట పెద్దది చేసి, చేతులు తుడుచుకుని, బయటికెళ్ళి మెట్ల మీద కూర్చుంది.

నాకు అర్థమయ్యేసరికి నవ్వాలో ఆవిడ కాళ్ళకి చుట్టుకోవాలో తెలియలేదు. మాడు వాసన రాగానే ఇద్దరం కలిసి దించాం.

కొట్టు తెరిచేసరికి జనం బాగానే పోగయ్యారు. నాన్న పిలవని మనిషి లేడు. టీచరమ్మ, నాన్నతో పనిచేసిన వాచ్‌మన్, వీధి చివర టాక్సీవాళ్ళు, పెయింటరు. మొదటి గిన్నె నాన్నకి. నాన్న లేచి నిలబడి, అమ్మ గురించి నాలుగు మాటలు మొదలుపెట్టి నలభై చేసి, అందరికీ గిన్నెలు అందాక గుటక వేశాడు.

కటుక్కుమని శబ్దం వచ్చింది. నాన్న పన్ను కాదు, గింజే. టీచరమ్మ బుగ్గలో ఏదో దాచుకున్నట్టు ఉండిపోయింది. వాచ్‌మన్‌కి అల్లం ముక్క దొరికింది, కళ్ళనీళ్ళు కారుతుంటే "బా... బావుంది" అన్నాడు. టాక్సీవాళ్ళకి మొహమాటాలు లేవు. ఒకతను రోడ్డు మీదకెళ్ళి ఉమ్మేసి, "ఇదేం సూపండీ, కంకర!" అని గిన్నె గట్టు మీద పెట్టేశాడు.

అన్నయ్య మొహం జేవురించింది. "ఏం చేశావే నువ్వు?"

"సూపండీ."

"ఇదా సూపు?"

"మీ అమ్మగారి చేతి సూపు. బోర్డు మీద అదే ఉంది. ఎలా చేసేవారో నేను చూశాను, తాగాను కూడా. ఒక్కటీ మార్చలేదు." వదిన గొంతు పెద్దది కాలేదు, కానీ రోడ్డు అవతల వరకు వినపడింది. "నా సూపు కావాలంటే దానికి బోర్డు లేదు మరి."

నాన్న గిన్నె పట్టుకునే వదిన వైపు తిరిగాడు. "పోయిన మనిషిని నలుగురిలో ఇంత అవమానం చేస్తావా అమ్మాయ్? నీకు ఆవిడేం తక్కువ చేసిందని?"

అప్పుడు తీసింది వదిన, ఇన్నేళ్ళు దాచుకున్న నాలుక.

"అత్తయ్యని అవమానించింది నేనా మావయ్యగారూ? ఈ వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా ఆవిడ చెప్పులేసుకుని పరిగెత్తింది. టీచరమ్మగారూ, మీవారు మంచంలో ఉన్నప్పుడు రోజూ వచ్చి వీపుకి పుండ్లు పడకుండా పక్కకి తిప్పింది ఎవరు? అది ఒక్కరైనా చెప్పుకున్నారా ఈ ఇంట్లో? ఆవిడ నెత్తి మీద టోపీ తీసి పారేశారు. ఆవిడకి రాని ఒక్క పనిని తెచ్చి ఆవిడ పేరున రాశారు. నాకు వచ్చిన ఒక్క పనిని నా దగ్గర్నుంచి లాక్కుని రాశారు. ఆవిడనీ దోచారు, నన్నూ దోచారు. పైగా ప్రేమంటారు దాన్ని!"

 టీచరమ్మ బుగ్గలోని గింజని మెల్లగా చేతిరుమాలులోకి తీసుకుని, తల దించుకుంది. 

నాన్న కుర్చీలో కూలబడ్డాడు. గిన్నె ఇంకా చేతిలోనే ఉంది. ఇంకో గుటక వేశాడు. నమల్లేక నమిలాడు. మళ్ళీ తాగాడు. "నాన్నా, చాల్లే" అని నేను గిన్నె తీసుకోబోతే ఇవ్వలేదు.

"నిలబడే కలిపేదే దీన్ని" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. "డ్యూటీ దిగి వచ్చి... కూర్చోవే అంటే, 'కూర్చుంటే మళ్ళీ లేవలేనండీ' అనేది. అంత అలసిపోయి ఉండేది. నేను ఇన్నేళ్ళూ ఆవిడ హాయిగా పొయ్యి ముందు కూర్చుని కమ్మగా వండినట్టు చెప్పుకు తిరిగాను."  వదిన దగ్గరికెళ్ళి, ఆయన గడ్డం మీద కారిన సూపు తన కొంగున కాకుండా శుభ్రమైన గుడ్డతో తుడిచింది. కోపం తగ్గి కాదు. ఆయన పెద్దాయన కాబట్టి.

ఆ రోజు ఇక సూపు లేదు. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు, కొందరు నవ్వుకుంటూ, కొందరు తిట్టుకుంటూ. ఆ టాక్సీ అతను ఈరోజుకీ మా కొట్టు గడప తొక్కడు. ఆ నష్టం వదినదే. దానికి అన్నయ్య మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది, ఉంటుంది కూడా.

పెయింటరు మళ్ళీ నిచ్చెనెక్కాడు. పాత బోర్డంతా తెల్లరంగు పూసి, "ఇంతకీ మీ పేరేంటమ్మా?" అని వదిననే అడిగాడు. ఆ వీధిలో ఎన్నేళ్ళుగానో ఉంటున్న మనిషిని! వదినది పొడుగు పేరు. ముందు పెద్దపెద్ద అక్షరాలతో మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి చోటు చాలక ఇరికించాడు. బాగాలేదు, మళ్ళీ రాయిస్తానని అన్నయ్య అంటే వదిన వద్దంది. పక్కనుంచి, ఎదురునుంచి, రోడ్డు అవతల నుంచి నిలబడి చూసుకుంది.

జనం ఒక్కసారిగా రాలేదు. మొదట ఇస్త్రీ గదిలో పనిచేసిన ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళ వెంట వాళ్ళవాళ్ళు. ఆ తర్వాత చలి ముదిరింది, మిగతా పని అదే చేసింది.

మొన్న నేను కొట్టులో ఉండగా, తాళంచెవి కోసం ఒక పెద్దమనిషి వచ్చాడు. కొత్త మొహం. అన్నయ్య ఆకురాయితో తాళంచెవి అరగదీస్తుంటే, ఆయన ఒక గిన్నె సూపు తీసుకుని గోడకి ఆనుకుని తాగాడు. తాగి, గిన్నె రెండు చేతులతో పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. వదిన లోపల బెల్లం వడగడుతోంది. ఆయన అన్నయ్య వైపు తిరిగి, "మీ ఆవిడేనా? ఈ వంట ఊరికే రాదండీ. మీ అమ్మగారు నేర్పి ఉంటారు" అన్నాడు.

 అన్నయ్య మాట జారాడో, నేను అక్కడికక్కడే కడిగేద్దామని సిద్ధంగా ఉన్నాను.

అన్నయ్య ఆకురాయి ఆపాడు. లోపలికి, వదిన వీపు వైపు ఒకసారి చూశాడు.

"లేదండీ" అన్నాడు. "మా అమ్మకి వంట రాదు. ఆవిడ నర్సు."